కెరటం లేని సముద్రంలో దిగే ముందు

కళింగపట్నంలోనో భావనపాడులోనో సముద్రాన్ని చూస్తూ పెరిగినవాళ్ళు నీటిని ముందు చెవితో కొలుస్తారు. హోరు ఎక్కువగా ఉంటే మోకాలి లోతు దగ్గరే ఆగిపోతారు. తగ్గితే నడుం దాకా వెళ్తారు. మన ఉత్తరాంధ్ర తీరంలో ప్రమాదం అరిచి మరీ చెప్తుంది. అండమాన్‌లో హేవ్‌లాక్, నీల్ దీవుల దగ్గర సముద్రం చెరువులా ఉంటుంది. అడుగున ఇసుక మీద చేప నీడ కూడా కనబడుతుంది. చప్పుడు లేదు కదా, భయమేముంది అనుకుని దిగిపోతాం. అక్కడ మనవాళ్ళు ఇబ్బంది పడేది చెవిలో గాలి సర్దుకోక, ఊపిరి బిగబట్టి, ఆటు లాగేసి, వీపు ఎండకి కాలిపోయి. కెరటం దెబ్బకి పడేవాళ్ళు తక్కువ. అక్కడి నీటి ఆటలకి దిగేముందు తెలియాల్సినవే ఇవన్నీ.

ఈ తేడాకి కారణం ఉంది. వంశధార, నాగావళి తెచ్చిన ఒండ్రు మన ఒడ్డునే కలుస్తుంది. దానికితోడు కెరటం నేరుగా ఒడ్డు మీదే విరిగి ఇసుకని లేపేస్తుంది. అందుకే చింతపల్లి నుంచి బారువ దాకా ఎక్కడ చూసినా ఒడ్డు నీళ్ళు మట్టిరంగే. పగడాలకి వెలుతురు దిగే తేటనీరు కావాలి. అండమాన్‌లో అంత పెద్ద నదులు లేవు కాబట్టి పగడాలు పెరిగాయి. ఆ దిబ్బలు కెరటాన్ని బయటే విరిచేస్తాయి, ఒడ్డుకి వచ్చేసరికి మిగిలేది చిన్న తుళ్ళింతే. కానీ దిబ్బ మీదుగా లోపలికొచ్చిన నీరు మళ్ళీ బయటికి పోవాలి. పోయే దారి దిబ్బలో ఏదో ఒక సందు. పైకి నున్నగా కనబడుతూనే లోపల లాగే చోటు అదే.

హేవ్‌లాక్ 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్‌బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. టిక్కెట్టు మీద కొత్త పేరు చూసి కంగారు పడొద్దు. ఇక్కడ మాత్రం చదివేవాళ్ళకి అలవాటైన పాత పేర్లే వాడుతున్నా.

వెళ్ళే కాలం విషయంలో నా మాట ఒకటే: సంక్రాంతి వెళ్ళాక, ఏప్రిల్ చివరిలోపు. అండమాన్‌కి రెండు రుతుపవనాల వానా పడుతుంది. మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత ఈశాన్యం. దసరా సెలవులకి టిక్కెట్లు తీసేవాళ్ళు అక్టోబరు అంటే ఏమిటో మన జిల్లాలకి ఎవరూ చెప్పక్కర్లేదని గుర్తుంచుకుంటే చాలు. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలండ్ మీదుగా దాటి, 12న విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. వాయుగుండం ఇక్కడిదాకా రాకపోయినా అక్కడ ఫెర్రీలు ఆగిపోతే దీవిలో ఇరుక్కుపోతారు. ఆ నెలల్లో వెళ్ళక తప్పకపోతే చివర్లో ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి.

గడియారం సంగతి చాలామందికి తట్టదు. శ్రీకాకుళానికీ పోర్ట్‌బ్లెయిర్‌కీ రేఖాంశంలో దాదాపు 9 డిగ్రీల తేడా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన అక్కడ పొద్దు మనకన్నా 35 నిమిషాల ముందు నడుస్తుంది, గడియారం మాత్రం మనదే. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం ఐదుకే చీకటి మొదలు. టిఫిన్ తిని నింపాదిగా పదకొండుకి బయల్దేరితే నీళ్ళలో గడిపే పూట అయిపోయినట్టే. గాలి కూడా మధ్యాహ్నానికే లేస్తుంది. పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర మధ్య ఏది చేసినా సుఖం.

ఇంటి దగ్గర చెయ్యాల్సిన సాధనకి బక్కెట్టు చాలు. కళ్ళూ ముక్కూ కప్పే మాస్కూ, ముఖం నీళ్ళలో ఉండగా నోటితో గాలి పీల్చే స్నార్కెల్ గొట్టమూ సొంతంగా కొనుక్కోవాలనుకుంటే కొని, బక్కెట్టు నిండా నీళ్ళు పట్టి, స్టూలు మీద పెట్టి ముఖం ముంచండి. మొదటి రోజు మాస్కు పెట్టుకుని గొట్టంతో రెండు నిమిషాలు గాలి పీల్చండి. రెండో రోజు మాస్కు తీసేసి, గొట్టం ఒక్కటే నోట్లో పెట్టుకుని, ముక్కు నీళ్ళలో ఉండగానే నోటితో పీల్చండి. మొదట్లో ముక్కులోకి నీళ్ళు లాగేసి ఉక్కిరిబిక్కిరి అవుతారు. నాలుగో రోజుకి ముక్కు ఊరుకుంటుంది. సముద్రంలో మాస్కులోకి గుక్కెడు నీళ్ళు రాగానే బెదిరి తలెత్తేసేవాళ్ళంతా ఈ ఒక్క సాధన లేనివాళ్ళే. ఈత రాకపోయినా ఇది చెయ్యొచ్చు.

భావనపాడు కెరటాల్లో మాత్రం స్నార్కెల్ సాధన చెయ్యకండి. గొట్టంలోకి ఇసుక నీళ్ళు వస్తాయి, పైగా ఒడ్డు నుంచి వెనక్కి లాగే పాయ ఎక్కడుందో తల ముంచినవాడికి తెలియదు. ఈత కొలను దొరికితే సరే. లేదంటే ఊరి చెరువులో, ఈత బాగా వచ్చినవాళ్ళు పక్కనుండగా, ఛాతీ లోతు దాటకుండా.

ఇంకో మాట ఆరోగ్యం గురించి. స్కూబాకి (సిలిండరు గాలి పీలుస్తూ నీటి లోపలికి దిగడం) ముందు ఒక ఫారం ఇచ్చి ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం లాంటివి ఉన్నాయా అని అడుగుతారు. చదవకుండా అన్నిటికీ లేదు అని గీసేయడం మనవాళ్ళకి మామూలు. ఆ ఫారం దుకాణంవాడి కోసం కాదు. మన్యం వైపు సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళు డాక్టరుని అడగకుండా సిలిండరు తగిలించుకోకూడదు. ఉద్దానం వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి కిడ్నీ సంగతి చెప్పక్కర్లేదు గానీ, రోజంతా ఎండలో ఉప్పునీళ్ళలో ఉండి, నీళ్ళు తాగకుండా, రాత్రి ఒళ్ళునొప్పులకి మందుల షాపు మాత్రలు వేసుకోవడం కిడ్నీలకి అన్నిటికన్నా చెడ్డ కలయిక. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే కొలత) ఎక్కువ ఉన్నవాళ్ళు ఆ మాత్రల జోలికే పోవద్దు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ఫెర్రీ ఒకటిన్నర నుంచి రెండున్నర గంటలు. కడుపు తిప్పడం అక్కడే మొదలవుతుంది. ఖాళీ కడుపుతో ఎక్కితే వాంతి ఆగుతుందన్నది తప్పు. నాలుగు ఇడ్లీలు తిని ఎక్కండి, పులిహోర, పూరీ వద్దు. పలాస జీడిపప్పు పొట్లం కూడా ఓడ దిగాకే. కుదుపు తక్కువ ఉండేది ఓడ మధ్యలో, కింది అంతస్తులో. ముందు వరసలో దృశ్యం బాగుంటుంది, ఊపు కూడా అక్కడే ఎక్కువ. ఫోను చూడకుండా నీటికీ ఆకాశానికీ మధ్య గీత మీద చూపు పెట్టాలి. మాత్ర వేసుకునేవాళ్ళు ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికొచ్చేస్తుంది. ఈ మాత్రలు చాలావరకూ మత్తునిస్తాయి, ఆ పూట స్కూబా పెట్టుకోకండి.

చిన్న బోటెక్కేటప్పుడు లైఫ్ జాకెట్టు ఇస్తారు. ఫొటోకి అడ్డమని పట్టీలు వదిలేస్తారు చూడండి, అలాంటి జాకెట్టు నీళ్ళలో మనిషిని వదిలేసి తనొక్కటే తేలుతుంది. పట్టీలన్నీ బిగించాక పక్కవాళ్ళని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్టు చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. పిల్లలకి కాళ్ళ సందు నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి, లేకపోతే ఒళ్ళు కిందికి జారిపోతుంది. లోపలి చీటీ మీద 50 అని ఉంటే అది ఈత వచ్చినవాళ్ళకి. రానివాళ్ళకి 100 ఉండాలి. ఆ అంకె న్యూటన్లు, 10 న్యూటన్లంటే దాదాపు ఒక కిలో బరువుని ఎత్తే బలం. నొక్కితే నురుగు మెత్తగా కుంగిపోయి తిరిగి లేవని పాత జాకెట్టు ఇస్తే మార్చమని అడగండి. మొహమాటపడాల్సిన చోటు కాదది.

స్నార్కెలింగ్‌కి డబ్బు తక్కువ, ఆనందం ఎక్కువ. నన్నడిగితే మిగతావన్నీ మానేసి ఇదొక్కటి మూడు రోజులు చేసినా చాలు. హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచి దీనికి పేరు, జెట్టీ నుంచి బోటులో అరగంట లోపు. అడవిదారిన నడిచి కూడా వెళ్ళొచ్చు, వాన పడితే ఆ దారి బురద.

ముందు మాస్కు ఎంచుకోవడం. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగి చెయ్యి వదిలేయండి. ఊపిరి బిగబట్టినంతసేపూ పడకుండా ముఖానికి అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టు. పట్టీ ఎంత గట్టిగా లాగితే అంత నీరు రాదనుకోవడం పొరపాటు. మరీ బిగిస్తే సిలికాన్ అంచు ముడతపడి అక్కణ్ణుంచే కారుతుంది. కారడానికి మామూలుగా ఉండే కారణాలు ఇంకో రెండు: అంచు కింద ఇరుక్కున్న వెంట్రుక, మీసం. మీసం తీసేయక్కర్లేదు, ముక్కు కింద పైఅంచు వేలి మందాన గీసుకుంటే అంచు చర్మం మీద కూర్చుంటుంది. తలకి పొద్దున కొబ్బరినూనె రాసుకుని వెళ్తే పట్టీ జారిపోతుంది, ఆ పూటకి మానండి. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది ఒక్కసారి నీళ్ళలో ముంచి తీస్తే సరి. అసహ్యంగా ఉంటే చంటిపిల్లల షాంపూ ఒక్క చుక్క.

గొట్టంలో ఊపిరి నెమ్మదిగా, నిండుగా తీసుకోవాలి. ఎందుకంటే వదిలిన గాలి కొంత గొట్టంలోనే మిగిలి, మళ్ళీ పీల్చినప్పుడు ముందు అదే లోపలికి వెళ్తుంది. కుక్కలా చిన్నచిన్నగా రొప్పితే ఆ చెడుగాలే తిరుగుతూ, ఆయాసం పెరిగి, కంగారుగా మారుతుంది. గొట్టంలోకి నీళ్ళొస్తే నోట్లోంచి తియ్యకుండా 'థూ' అన్నట్టు ఒక్క ఊపున ఊదేయాలి. ఊదాక మొదటి శ్వాస జాగ్రత్తగా, నాలుక మీదుగా. ఎప్పుడు కంగారనిపించినా నిలువుగా లేవడానికి తన్నుకోకండి, వెల్లకిలా తిరిగి పడుకోండి. జాకెట్టు మిగతా పని చూసుకుంటుంది.

కాళ్ళు తుంటి నుంచి ఊపాలి. సైకిలు తొక్కినట్టు మోకాళ్ళు మడిస్తే నీరు చిమ్ముతుంది, మనిషి కదలడు. పగడం మీద నిలబడటం అసలే వద్దు. అది రాయి కాదు, ప్రాణమున్న జీవులు కట్టుకున్న ఇల్లు. అరికాలు కోసుకుంటే ఆ గాయం వారాల తరబడి మానదు. 2010 వేసవిలో నీరు వేడెక్కి అండమాన్ పగడాలు చాలా తెల్లబడి చచ్చిపోయాయి, మిగిలినవాటిని మన కాళ్ళ నుంచి కాపాడినా గొప్పే. దిబ్బ మీద నీరు మరీ పలచగా ఉన్నప్పుడే ఈ తొక్కుళ్ళు. అందుకే పోటు నిండే సమయం చూసుకోవాలి. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నిన్న ఎనిమిదింటికి నీరు నిండితే ఇవాళ ఎనిమిదీ యాభైకి. అమావాస్య, పున్నమి చుట్టుపక్కల ఎక్కువ నిండి ఎక్కువ తీస్తుంది, లాగుడు కూడా ఆ రోజుల్లోనే గట్టిది.

కొట్టుకుపోతున్నామో లేదో తెలుసుకోవడం మన జాలర్ల దగ్గర నేర్చుకోవచ్చు. కొండనీ తాటిచెట్టునీ ఒక గీతలో కలిపి వాళ్ళు సముద్రంలో చోటు గుర్తుపెట్టుకుంటారు. మీరూ దిగేముందు ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి. రెండు మూడు నిమిషాలకోసారి తలెత్తి చూడండి, అవి విడిపోయాయంటే మీరు జరిగిపోయారు. ఎదురీదకుండా లాగుడికి అడ్డంగా ఈది బయటపడాలి. మన ఒడ్డు పాయలో చేసే పనే.

వీపు, మోకాళ్ళ వెనక, పిక్కలు కాలిపోయేది స్నార్కెల్‌లోనే. చల్లగా ఉంటుంది కాబట్టి తెలియదు, రాత్రికి దుప్పటి కూడా తగలనివ్వదు. ఎండ క్రీము కన్నా పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్ళు దాటే లెగ్గింగు మేలు. చుడీదారు చున్నీతో, చీరతో దిగొద్దు, తడిసిన గుడ్డ కాళ్ళకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు స్కూబా. కోర్సు చెయ్యకుండా శిక్షకుడి చెయ్యి పట్టుకుని దిగేదాన్ని ట్రై డైవ్ అంటారు. పదేళ్ళు నిండినవాళ్ళ నుంచి, లోతు 12 మీటర్లు దాటకూడదు. ఈత అక్కర్లేదు అని చెప్పి ఎక్కిస్తారు, నిజానికి చాలామంది రాకుండానే దిగి వస్తారు కూడా. కానీ నీళ్ళంటే బెదురు లేనివాళ్ళకీ ఉన్నవాళ్ళకీ లోపల అనుభవం పూర్తిగా వేరు. బక్కెట్టు సాధన ఇక్కడ డబ్బు మిగుల్చుతుంది.

మొదటి నియమం చెవిది. నుయ్యి అడుగుకి మునిగి రాయి తెచ్చిన గుంటలకి చెవిపోటు తెలుసు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. పైన ఒక లీటరున్న గాలి 10 మీటర్ల దగ్గర అర లీటరు, 20 దగ్గర మూడో వంతు. అంటే సగానికి సగం కుంచించుకుపోయేది మొదటి 10 మీటర్లలోనే. లోతుకి వెళ్తే చెవి నొప్పి అనుకుంటారు, నిజానికి నొప్పి మీటరు, మీటరున్నర దగ్గరే మొదలవుతుంది. కర్ణభేరి వెనక ఉన్న గాలి కుంచించుకుపోతే భేరి లోపలికి వంగుతుంది. ముక్కు వేళ్ళతో నొక్కి, నోరు మూసి, మెల్లగా ముక్కులోకి ఊదితే గొంతు నుంచి చెవికి ఉన్న సన్నని దారి తెరుచుకుని గాలి నిండుతుంది, టప్ మని చిన్న శబ్దం. ఇది నొప్పి వచ్చాక చేసే పని కాదు. బోటు మీదే ఒకసారి, తల మునగగానే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకీ. నొప్పి వచ్చేదాకా ఆగితే ఆ దారి ఒత్తిడికి మూసుకుపోతుంది, ఎంత ఊదినా తెరుచుకోదు. అప్పుడు గట్టిగా ఊదడం ప్రమాదం. ఒక మీటరు పైకి వచ్చి, గుటక వేసి, దవడ అటూ ఇటూ ఆడించి మళ్ళీ. మొండికేసి దిగితే భేరి చిరుగుతుంది, చల్లనీరు లోపలికెళ్ళి కళ్ళు తిరిగి, పైకి ఏదో కిందికి ఏదో తెలియదు.

జలుబుంటే ఆ రోజు మానేయండి. ముక్కు తెరిచే మందు చుక్కలు వేసుకుని దిగడం ఇంకో మోసం. లోపల ఉండగా మందు పని అయిపోతే, పైకొచ్చేటప్పుడు పెరిగే గాలికి బయటికి దారి ఉండదు.

రెండో నియమం ఊపిరి బిగబట్టకపోవడం. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. నోరు మూసుకుని లేస్తే ఊపిరితిత్తి చిరగడానికి రెండు మీటర్లు కూడా చాలు. ఫొటో కోసం ఊపిరి బిగించి నవ్వేవాళ్ళూ, బెదిరి ఒక్కసారిగా పైకి తన్నుకునేవాళ్ళూ ఇక్కడే దెబ్బతింటారు. బుడగలు ఆగకుండా వస్తూ ఉండాలి, అంతే.

మూడోది చేతి సైగ. లోపల బాగుంది అని చెప్పడానికి బొటనవేలు పైకి చూపిస్తే 'పైకి తీసుకుపో' అని అర్థం. శిక్షకుడు తీసుకుపోతాడు, డబ్బు పోతుంది. బాగుందంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా. బాగోలేదంటే అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపి, ఏది బాగోలేదో దాన్ని చూపించాలి. చెవైతే చెవి.

తగిలించుకునేముందు మీరు చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. గేజి (సిలిండరులో గాలి ఒత్తిడిని బార్ లెక్కన చూపే మీటరు) ముల్లు 200 బార్ దగ్గర ఉండాలి. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు నోట్లో పెట్టుకుని ఆ ముల్లునే చూస్తూ నాలుగు సార్లు పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి లేస్తుంటే సిలిండరు వాల్వు పూర్తిగా తెరవలేదని. గాలికి నూనె వాసన, పొగ వాసన ఉంటే ఆ సిలిండరు వద్దనండి, కంప్రెసరు ఇంజను పొగని లాక్కుందన్నమాట. మామూలు అల్యూమినియం సిలిండరు 11 లీటర్లు, 200 బార్ అంటే 2200 లీటర్ల గాలి. 50 బార్ మిగలగానే పైకి రావాలి కాబట్టి మనకి దక్కేది 1650. నెమ్మదైన మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు వాడితే 10 మీటర్ల దగ్గర 40, అంటే 40 నిమిషాలు. బెదిరినవాళ్ళు 30 లెక్కన వాడితే 27 నిమిషాలకే ఖాళీ. పక్కింటివాళ్ళు ముప్పావుగంట ఉన్నారు, మమ్మల్ని బేగి పైకి లాగేశారని గొడవపడేముందు ఈ లెక్క చూసుకోండి.

నడుముకి సీసం బరువులు కడతారు, పల్చటి సూటుతో 4 నుంచి 6 కిలోలు. ఉప్పునీరు మనిషిని తేలుస్తుంది, బరువు లేకపోతే దిగలేం. ఒక శిక్షకుడికి ఒకరే అనే చోటే వెళ్ళండి. పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పోయినవాళ్ళే, కాబట్టి తెలుగు తెలిసిన శిక్షకుడు ఉన్నాడా అని అడగడంలో తప్పు లేదు. హిందీలో సగం అర్థమైన సూచనలతో దిగడం కన్నా ఒక గంట ఆగడం నయం. 10 మీటర్ల దగ్గర ఎరుపు కనబడదు, ఎర్ర చొక్కా మట్టిరంగులోకి మారిపోతుంది, ఫొటోలన్నీ నీలంగా వస్తాయి. కెమెరా తప్పు కాదు. చేప కూడా ఉన్నదానికన్నా మూడో వంతు పెద్దగా కనబడుతుంది, ఊరొచ్చి చెప్పేటప్పుడు తగ్గించి చెప్పండి.

కయాక్ మన తెప్పకి చుట్టమే, కాకపోతే తెడ్డుకి రెండు వైపులా రెక్క. తెడ్డు తల మీద ఆనించి పట్టుకుంటే మోచేతులు లంబకోణంలో ఉండాలి, చేతులు ఆ దూరంలోనే ఉంచండి. రెక్క గుంట ముఖం మీవైపు ఉండాలి. పాదాల దగ్గర ముంచి తుంటి దగ్గర తియ్యాలి. చేతులతో లాగితే పావుగంటలో భుజాలు పడిపోతాయి, నడుం తిప్పి లాగాలి. ఇద్దరెక్కేదాంట్లో బరువైనవాళ్ళు వెనక, ముందున్నవాళ్ళు వేసిన తాళానికి వెనకవాళ్ళు వేయాలి. తెడ్లు ఠకఠకా కొట్టుకుంటున్నాయంటే వెనకవాళ్ళదే తప్పు, ముందువాళ్ళకి వెనక కళ్ళుండవు కదా.

కూర్చున్న చోట రంధ్రాల్లోంచి నీళ్ళు పైకొస్తే మునిగిపోతున్నామని అరవకండి, అవి నీళ్ళు దిగిపోవడానికి పెట్టినవే. అసలు చూడాల్సింది వెనక కొసన ఉండే బిరడా. అది లేకుండా నీళ్ళలోకి తోస్తే గుల్లలోకి నీరెక్కి, పడవ అరగంటకి బద్ధకంగా పక్కకి ఒరుగుతుంది. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, అలిసిపోయాక గాలే వెనక్కి తెస్తుంది. తిరగబడితే తెడ్డూ పడవా రెండూ వదలొద్దు. పడవని వెల్లకిలా తిప్పి, పక్కనుంచి పొట్ట ఆనేలా పైకి పాకి, వెల్లకిలా దొర్లి కూర్చోవాలి. నిలువుగా ఎక్కబోతే మళ్ళీ మీద పడుతుంది.

హేవ్‌లాక్‌లో రాత్రి కయాక్ ఒకటుంది, తెడ్డు వేసిన చోటల్లా నీరు నీలంగా మెరుస్తుంది. అది నీటిలోని సూక్ష్మజీవుల వెలుగు, కదిలిస్తేనే వెలుగుతాయి. వెన్నెల్లో వెలవెలబోతుంది కాబట్టి పంచాంగం చూసి అమావాస్యకి అటూ ఇటూ నాలుగైదు రోజుల్లో పెట్టుకోండి. మడ అడవుల సందుల్లో తిరిగేది కాబట్టి తోడు మనిషి లేకుండా వెళ్ళకూడదు. అక్కడ ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హేవ్‌లాక్ తీరంలోనే స్నార్కెల్ చేస్తున్న ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. మొసలి బొమ్మ ఉన్న బోర్డు అలంకారానికి పెట్టినది కాదు.

ఇక మోటారు ఆటలు. జెట్ స్కీ (నీటి మీద నడిపే స్కూటరు) గురించి తెలియాల్సింది ఒక్కటే: యాక్సిలరేటరు వదిలేస్తే అది తిరగదు. వెనక చిమ్మే నీటిధారే దాని చుక్కాని. ఎదురుగా ఏదైనా కనబడగానే చెయ్యి వదిలేసి హ్యాండిలు తిప్పితే నేరుగా వెళ్ళి గుద్దుతుంది. కొంచెం వేగం ఉంచే తిప్పాలి. మణికట్టుకి కట్టే తాడు పడిపోయినప్పుడు ఇంజను ఆపేది, తప్పకుండా కట్టించుకోండి. మోటారుబోటు లాక్కెళ్ళే గాలి నింపిన బనానా బోటుని చివర్లో కావాలనే తిరగేస్తారు, వద్దనుకుంటే ఎక్కకముందే చెప్పాలి. అందులో దెబ్బలు నీళ్ళ వల్ల రావు, పక్కవాడి మోచెయ్యి, తల తగిలి వస్తాయి. కళ్ళజోడు, గొలుసు, ఉంగరం ఒడ్డునే. పారాసెయిలింగ్‌కి (బోటు లాగుతుంటే పారాచూట్‌తో గాల్లో ఎగరడం) ముందు సముద్రం మీద చూడండి: తెల్లనురగలు అక్కడొకటి ఇక్కడొకటి అయితే సరే, ఎటు చూసినా తెల్లగా ఉంటే, లేదా దూరాన నల్లమబ్బు నిలువుగా పెరుగుతుంటే, డబ్బు కట్టేసినా ఎక్కొద్దు.

తల తడవకుండా చూడాలనే అమ్మలకీ అత్తయ్యలకీ సీ వాక్ ఉంది. ఎలిఫెంట్ బీచిలోనూ, పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి నార్త్ బేలోనూ చేయిస్తారు. బరువైన శిరస్త్రాణంలోకి పైనుంచి గొట్టంతో గాలి పంపుతారు, గాలి ఒత్తిడి నీటిని గడ్డం కిందే ఆపుతుంది. వంగితే మాత్రం నీళ్ళొస్తాయి, నిటారుగా నడవాలి. చెవి కథ ఇక్కడా అదే. అద్దాల అడుగు బోటుకి మాత్రం నా పొద్దుటి నియమం వర్తించదు, ఎండ నడినెత్తిన ఉండి గాలి లేని పూట బాగుంటుంది.

జెల్లీ చేప తగిలితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్ళు పొయ్యకండి. రెండూ మిగిలిన ముళ్ళని పేలుస్తాయి. సముద్రపు నీటితోనే కడిగి, ఒడ్డున వెనిగర్ ఉంటే పోయాలి. చేపముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పాదం పెట్టి ఆసుపత్రికి. పగడం గీరుకుంటే చిన్నదే అని వదలకుండా సబ్బుతో శుభ్రంగా కడగాలి.

రోజులు పేర్చుకునేటప్పుడు స్కూబాని ముందుకి జరపండి. లోపల ఒత్తిడికి ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవడానికి సమయం కావాలి, విమానంలో ఒత్తిడి తగ్గితే అది బుడగలు కడుతుంది. ఒక్కసారి దిగినవాళ్ళు కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లు దిగినవాళ్ళు 18 గంటలు ఆగి విమానమెక్కాలి. పొద్దున హేవ్‌లాక్‌లో డైవ్, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం విమానం అని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే ఆ కాగితం అక్కడే ఇచ్చేయండి. విశాఖకి ఓడలో తిరిగొచ్చేవాళ్ళకి ఈ బాధ లేదు, రెండు రోజుల పైన నీటి మీదే ఉంటారు. పెట్టె సర్దేటప్పుడు పిల్లల జేబులు కూడా తడమండి. చచ్చిన పగడం ముక్కైనా వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది, విమానాశ్రయంలో తీయిస్తారు.